స్వయంనిర్మిత స్టీరియో కట్టింగ్ హెడ్: సూత్రాలు, సికింద్రాబాదు పరిసరాల వనరులు

వ్యాససంగ్రహం:

గ్రామఫోన్ రికార్డును వినడానికి సూది ఎంత అవసరమో, దానిపై గాడిని చెక్కడానికి కట్టింగ్ హెడ్ అంత అవసరం. కుడి, ఎడమ ధ్వనులను రెండింటినీ ఒకే గాడిలో నిక్షిప్తం చేసే స్టీరియో కట్టింగ్ హెడ్‌ను చిన్న కార్యశాలలో ఏ సూత్రాల ఆధారంగా నిర్మించవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. సికింద్రాబాదు వంటి నగరంలో దీనికి కావలసిన లోహసామగ్రి దుర్లభం కాదు. అసలు కష్టం కంపనాన్ని కొలవడంలోనూ, అదుపు చేయడంలోనూ ఉందని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వినైల్ రికార్డు, గాడి, స్టీరియో, కట్టింగ్ హెడ్, అనునాదం, ఫీడ్‌బ్యాక్, సికింద్రాబాదు.

1. ఉపోద్ఘాతం:

హరికథలు, నాటక పద్యాలు, సినిమా పాటలు 'ప్లేట్ల' రూపంలో తెలుగు ఇళ్లలో దశాబ్దాల పాటు మోగాయి. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారాన్ని నెలకొల్పింది. తరువాత అది డమ్‌డమ్‌కు మారింది. తెలుగువారు కొన్న ప్లేట్లలో ఎన్నో అక్కడ అచ్చైనవే. ప్లేటును వాయించే అలవాటు ఊరూరికీ చేరింది గాని, ప్లేటును చెక్కే విద్య కొద్దిపాటి స్టూడియోలకే పరిమితమైంది.

ఆ విద్యకు ఆధారమైన వస్తువులు ఇప్పుడు అరుదయ్యాయి. వెస్ట్రెక్స్, నాయ్‌మన్ సంస్థల పేరు పొందిన కట్టింగ్ హెడ్లు దశాబ్దాల నాటివి. గాడిని చెక్కే లాకర్ పళ్లేలను తయారుచేసే అపోలో మాస్టర్స్ కర్మాగారం 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలో దగ్ధమైంది. దానితో ప్రపంచంలోని స్టూడియోలు ఈ పళ్లేల కోసం ప్రధానంగా జపానులోని ఒకే సంస్థపై ఆధారపడవలసి వచ్చింది. ఒక్క ప్రమాదం ఒక విద్యనే కదిలించగలిగిన ఇటువంటి స్థితిలో, ఆ విద్యకు కీలకమైన పరికరం పనిచేసే తీరును తెలుసుకోవడం కేవలం కాలక్షేపం కాదు.

2. గాడి స్వరూపం:

సాధారణ మోనో రికార్డులో సూది పక్కలకు కదులుతుంది. ఎడిసన్ రికార్డులలో పైకీ కిందికీ కదిలేది. ఈ రెండు కదలికలనూ కలిపి ఒకే గాడిలో రెండు ధ్వనులను దాచే మార్గాన్ని బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ 1931 డిసెంబరు 14న దాఖలు చేసిన పేటెంటులో ప్రతిపాదించాడు. 1957లో వెస్ట్రెక్స్ సంస్థ ప్రదర్శించిన 45/45 విధానంతో అది పరిశ్రమకు ప్రమాణమైంది.

ఈ విధానంలో గాడి ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉంటుంది. దాని రెండు గోడలూ పళ్లెం తలానికి చెరొక 45 డిగ్రీల వాలులో, పరస్పరం లంబంగా ఉంటాయి. పళ్లెం కేంద్రం వైపున్న గోడ ఎడమ ధ్వనిని, బయటి గోడ కుడి ధ్వనిని మోస్తాయి. రెండు వైపులా ఒకే సంకేతం ఉన్నప్పుడు సూది పక్కలకు మాత్రమే కదిలేలా తీగచుట్టల ధ్రువత్వాన్ని అమర్చుతారు. అందువల్ల స్టీరియో రికార్డులోని మోనో సంకేతం పాత మోనో రికార్డు గాడి వంటి గాడినే ఏర్పరుస్తుంది. రెండు సంకేతాలూ పరస్పర వ్యతిరేకంగా ఉంటే సూది నిలువునా కదులుతుంది. మంద్ర స్వరాలలో ఈ నిలువు కదలిక మితిమీరితే సూది పళ్లేన్ని వదిలి పైకి లేచి, గాడి తెగిపోతుంది. కనుక సుమారు 150 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యాలను ముందుగానే మోనోగా కలపడం వాడుకలో ఉంది.

3. నిర్మాణ భాగాలు, లభ్యత:

కట్టింగ్ హెడ్‌లో ప్రధానంగా రెండు చోదకాలు ఉంటాయి. ఒక్కొక్కటి చిన్న లౌడ్‌స్పీకరు వంటిదే: శాశ్వత అయస్కాంతం, దాని సందులో కదిలే తీగచుట్ట. ఈ రెండింటినీ పరస్పరం 90 డిగ్రీల కోణంలో బిగించి, సన్నని కడ్డీల ద్వారా ఒకే సూది పట్టుకు కలపాలి.

ఆ కడ్డీకి రెండు విరుద్ధ గుణాలు కావాలి. పొడవు దిశలో అది ఏమాత్రం కుదించుకుపోకూడదు. పక్కకు మాత్రం సులువుగా వంగాలి. సైకిలు చువ్వను నిలువునా నొక్కి చూస్తే, పక్కకు వంచి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. పక్కకు వంగని కడ్డీ ఒక చోదకపు కదలికను రెండవదానికి అంటగడుతుంది. అప్పుడు ఎడమ ధ్వని కుడి గోడలోకి పాకుతుంది.

ఈ భాగాలకు సికింద్రాబాదు పరిసరాలు అనుకూలం. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలలో ఇత్తడి, అల్యూమినియం, బేరింగులు, సన్నని మరలు దొరుకుతాయి. బాలానగర్ పారిశ్రామికవాడలో లేత్ పనివారున్నారు. 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కూడా అక్కడే ఉంది. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ ప్రసిద్ధం. ఎనామెల్ రాగి తీగ మోటారు వైండింగ్ చేసేవారి వద్ద ఉంటుంది. లాకర్ పళ్లెంపై చెక్కడానికి నీలమణి లేదా కెంపు సూది, గట్టి ప్లాస్టిక్‌పై చెక్కడానికి వజ్రపు సూది అవసరం. సూది చుట్టూ సన్నని నైక్రోమ్ తీగను చుట్టి వేడిచేస్తే గాడి నునుపుగా తెగి, రొద తగ్గుతుంది. లాకర్ పూతలోని నైట్రోసెల్యులోజ్ భగ్గున మండే పదార్థం. చెక్కినప్పుడు వచ్చే దారం వంటి పొట్టును వెంటవెంటనే గొట్టంతో పీల్చివేయాలి, నిప్పుకు దూరంగా ఉంచాలి.

4. అనునాదం అనే అడ్డంకి:

భాగాలను కూర్చగానే హెడ్ సిద్ధమైనట్లు కాదు. కదిలే భాగాల ద్రవ్యరాశి, వాటిని నిలిపే స్ప్రింగు బిగువు కలిసి ఒక సహజ పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తాయి. ఉదాహరణకు ద్రవ్యరాశి 1 గ్రాము, బిగువు మీటరుకు 40,000 న్యూటన్లు అయితే ఆ పౌనఃపున్యం సుమారు 1,000 హెర్ట్జ్. అక్కడ సూది అవసరానికి మించి ఊగుతుంది. దానికి పైనా కిందా దాని వేగం క్రమంగా పడిపోతుంది. గాయని గొంతులో ఒక స్వరం మాత్రమే అరిచినట్లు వినిపించడానికి ఇదే కారణం.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది, సిలికోన్ వంటి జిగట పదార్థంతో ఊపును అణచి, మిగిలిన తేడాను ఎలక్ట్రానిక్ వలయంతో సరిదిద్దడం. ఇది సులభమే గాని, వేడితోనూ గాడి లోతుతోనూ ఫలితం మారుతుంది. రెండవది ఫీడ్‌బ్యాక్. అదే అక్షంపై మరో చిన్న తీగచుట్టను అమర్చితే అది సూది వేగాన్ని నిరంతరం తెలుపుతుంది. ఆంప్లిఫయరు దానిని అసలు సంకేతంతో పోల్చి తేడాను సవరిస్తుంది. అయితే చోదక తీగచుట్ట అయస్కాంత ప్రేరణ నేరుగా ఈ చిన్న చుట్టకు సోకితే అది కదలికను కాక విద్యుత్ ప్రవాహాన్నే నివేదిస్తుంది. అధిక పౌనఃపున్యాల వద్ద సంకేతం ఆలస్యమైతే అణచవలసిన శక్తే ఊపునిస్తుంది. అప్పుడు హెడ్ కూతపెట్టి, తీగచుట్ట క్షణాలలో కాలిపోగలదు. అందుకే ఫ్యూజు తప్పనిసరి.

ఆర్ఐఏఏ ప్రమాణం ఈ భారాన్ని ఇంకా పెంచుతుంది. ఆ ప్రమాణం ప్రకారం చెక్కేటప్పుడు 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20,000 హెర్ట్జ్ సంకేతాన్ని దాదాపు 20 డెసిబెల్ల మేర పెంచాలి. అంటే వోల్టేజి సుమారు 10 రెట్లు, శక్తి సుమారు 100 రెట్లు. వేడిని తగ్గించడానికి వృత్తిపరమైన హెడ్లలో హీలియం వాయువును పంపిస్తారు.

5. పరీక్షా విధానం:

చెవి త్వరగా అలవాటు పడుతుంది కనుక దానినొక్కదానినే నమ్మరాదు. 1930లో జర్మనీకి చెందిన బుఖ్‌మన్, మేయర్‌లు చూపిన పద్ధతికి ఖర్చు లేదు. రెండు వైపులా ఒకే స్వరాన్ని చెక్కి, పళ్లెంపై దూరపు దీపకాంతిని ఏటవాలుగా పడనిస్తే గాడులపై వెలుగుపట్టీ కనిపిస్తుంది. దాని వెడల్పును సెకనుకు పళ్లెం తిరిగే చుట్ల సంఖ్యతోనూ, 3.14తోనూ గుణిస్తే సూది గరిష్ఠ వేగం వస్తుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పళ్లెంపై పట్టీ 20 మిల్లీమీటర్లు ఉంటే ఆ వేగం సెకనుకు సుమారు 3.5 సెంటీమీటర్లు. సమాన వేగంతో చెక్కవలసిన వేర్వేరు స్వరాల పట్టీలు ఒకే వెడల్పులో ఉంటే హెడ్ సమంగా పనిచేస్తున్నట్లు.

రెండవ పరీక్షలో ఎడమ వైపు మాత్రమే స్వరాన్ని చెక్కి, కుడి వైపు ఎంత వినిపిస్తుందో కొలవాలి. అది పదోవంతు ఉంటే 20 డెసిబెల్ల ఎడం ఉన్నట్లు. వాయించే కార్ట్రిడ్జిలోనూ కొంత లోపం ఉంటుంది కనుక దానిని ముందుగా ప్రామాణిక పరీక్షా రికార్డుతో సరిచూసుకోవాలి.

ముగింపు:

1. స్టీరియో కట్టింగ్ హెడ్ సామగ్రిలో చాలా భాగం సాధారణ బజారు వస్తువులే. లాకర్ పళ్లేలు, రత్నపు సూదులు మాత్రం దీనికి మినహాయింపు.
2. దాని నాణ్యతను అనునాద నియంత్రణ, రెండు ధ్వనుల ఎడం నిర్ణయిస్తాయి.
3. కొలత లేని నిర్మాణం వినిపించే గాడినే ఇస్తుంది గాని నమ్మదగిన గాడిని ఇవ్వదు.

వేల ప్రతులు అచ్చువేసే కర్మాగారానికి ఇంటి కట్టింగ్ హెడ్ ప్రత్యామ్నాయం కాదు. కాని ఒక ఒగ్గు కథకుని గొంతునో, ఇంటి పెద్దల పాటనో ఒకే ఒక్క ప్రతిగా చెక్కుకోవడానికి అది చాలు. ఆ గొంతు మరల దొరకదు కనుకనే గాడిని చెక్కే ముందు హెడ్‌ను కొలిచి తీరాలి.