చచ్చినా చావని కుక్క

కేన్సర్ ఒకళ్ల నుంచి ఇంకొకళ్లకి అంటుకోదు. ఈ మాట గట్టిగా పట్టుకో బుజ్జీ, జబ్బు మనిషికి గ్లాసు వేరే పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కుక్కల సంగతే వేరు. వాటికి అంటుకునే కేన్సర్ ఒకటుంది.

మన కొవ్వూరులో కార్తీక మాసం వచ్చిందంటే గోష్పాద క్షేత్రం మెట్ల మీద స్నానాలవాళ్ల సందడి, వీధుల్లో కుక్కల గోల. అవి జతకట్టే కాలం కదా! తర్వాత కొన్ని నెలలకి ఏ ఆడకుక్కో మాటిమాటికీ చతికిలబడి వెనక నాక్కుంటుంది. లేచిన చోట రక్తపు చుక్కలు. ఎదకొచ్చిందిలే అనుకుంటారు. ఎద అయితే రెండు మూడు వారాల్లో సర్దుకోవాలి, ఇది సర్దుకోదు. లోపల ఎర్రటి కండ పెరిగి, తగిలితే చిట్లుతూ ఉంటుంది. జతకట్టేటప్పుడు అంటుకునే ఆ కేన్సరే ఇది. పశువుల డాక్టర్లు టీవీటీ అంటారు. మగవాటికీ వస్తుంది. వాసన చూసి, నాకి, ముక్కులోకి తెచ్చుకున్నవీ ఉంటాయి.

1876లోనే రష్యాలో నొవిన్‌స్కీ అనే పశువైద్యుడు ఒక కుక్క గడ్డలోంచి ముక్క తీసి ఇంకో కుక్కకి పెడితే, అక్కడా పెరిగింది. లోపల వైరస్ ఏదైనా ఉందేమోనని చాలామంది వెతికారు. గుట్టు రట్టయింది మాత్రం 2006లో. లండన్‌లో ముర్గియా, రాబిన్ వైస్ బృందం మన దేశంతో సహా పలుచోట్ల నుంచి తెచ్చిన గడ్డల డీఎన్‌ఏ పరీక్షించింది. ఏ గడ్డా తను పెరిగిన కుక్కతో కలవలేదు. గడ్డలన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి!

కడియం నర్సరీల్లో బంగినపల్లి అంట్లు చూశావుగా. ఏ ఊళ్లో నాటినా మొదటి చెట్టు కొమ్మలే. ఇదీ అంతే. ఎప్పుడో ఒక కుక్కకి కేన్సర్ వచ్చింది. అది చచ్చేలోగా దాని కణాలు ఇంకో కుక్క ఒంట్లోకి దాటాయి, అక్కణ్ణించి మరో దాంట్లోకి. అంటే మన వీధి కుక్కకి ఉన్న గడ్డ దానిది కాదు, ఆ పాత కుక్కదే. కేంబ్రిడ్జ్‌లో ఎలిజబెత్ మర్చిసన్ బృందం 43 దేశాల నుంచి 546 గడ్డలు పోగేసి, వాటి డీఎన్‌ఏలో మార్పులు లెక్కగట్టి 2019లో చెప్పిందేమిటంటే, ఆ కుక్క ఆసియాలో 4,000 నుంచి 8,500 ఏళ్ల కిందట బతికింది. ఓడల్లో తెల్లవాళ్లతో పాటు వాళ్ల కుక్కలూ ఎక్కాయి కాబట్టి, గత అయిదు వందల ఏళ్లలో ఈ గడ్డ సముద్రాలు దాటేసింది.

ఇన్ని వేల ఏళ్లలో దాని జన్యువులు ఎంత చెదిరాయంటే, మామూలు కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే, దీంట్లో అవి అతుక్కుపోయి అరవైకి అటూ ఇటూ మిగిలాయి. మార్పులు పందొమ్మిది లక్షల పైమాటే. మనుషుల కేన్సర్లలో మామూలుగా వేలల్లో ఉంటాయి. ఇంత చెదిరినా బతకడమే నాకు విడ్డూరం. శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు అరిగిపోతే, ఆశ్రయమిచ్చిన కుక్కల నుంచే కొత్తవి కాజేసిందట, ఒక్కసారి కాదు, చాలాసార్లు!

మరి కుక్క ఒళ్లు ఊరుకుంటుందా అంటావు. పరాయి కణాన్ని పట్టించే గుర్తులు కణం పైన ఉంటాయి. ఈ దొంగ వాటిని దాచేస్తుంది. కొన్ని కుక్కల్లో ఒళ్లు ఆలస్యంగా మేలుకుని గడ్డని తనంతట తనే కరిగిస్తుంది. తక్కినవాటికి మందు వింక్రిస్టిన్. వారానికో ఇంజెక్షన్ నరంలోకి. నాలుగైదు వారాలు తప్పకుండా చేయిస్తే చాలావాటికి నయమైపోతుంది. ఒకటి రెండింటికే రక్తం ఆగిందని మానేస్తేనే చిక్కు.

ఆ మందు ఎందులోంచి తీస్తారో తెలుసా? మీ నాయనమ్మ తులసి కోట పక్కన పెంచే బిళ్ళగన్నేరు. చిన్నపిల్లల రక్త కేన్సర్‌కీ అదే మందు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరో పక్కకి లాగే పోగుల్ని కట్టనివ్వదు. మందు ఆ మొక్కదే కదా అని ఆకు నూరి కుక్కకి తాగించేవు సుమా! ఆకు విషం. శుద్ధి చేసిన మందైనా సరే, నరం తప్పి చుక్క పక్కకి పోతే అక్కడి చర్మం కుళ్లిపోతుంది. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. పట్టుకోడానికి మీ బాబాయిని పిలు, నా చేతులకి బలం చాలదు.