రాజవొమ్మంగి కొండల్లో తాగుడు మానాలంటే ఊరు తోడుండాలి

ఈ ఎపిసోడ్‌లో రాజవొమ్మంగి వైపు కొండ ఊళ్లలో కుర్రాళ్ల తాగుడు గురించి మాట్లాడుకుందాం. "గిరిజనులన్నాక తాగుతారు, అది వాళ్ల ఆచారం" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అందులో సగమే నిజం.

జీలుగు కల్లు మన దగ్గర ఉంది, కాదనను. కానీ దానికో కాలం ఉంది, పద్ధతి ఉంది. కొత్తల పండక్కి ముందు పెద్దలకి పెట్టి, ఆ తర్వాతే అందరూ కలిసి తాగేవారు. బెల్లం ఊటతో కాచే నాటుసారాకి, షాపు సీసాకి ఆ కట్టు లేదు. ఏ రోజైనా దొరుకుతుంది, ఒక్కడే కూర్చుని తాగొచ్చు.

చరిత్ర చూడండి. సొంతానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేయడం 1879 రంప తిరుగుబాటుకి ఒక కారణం. ఆ తర్వాత నలభై ఏళ్లకి అల్లూరి సీతారామరాజు ఇదే జనానికి తాగుడు మానమని, తగువులు పంచాయితీలోనే తీర్చుకోమని చెప్పారు. 1922 ఆగస్టు 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ మీద దాడి అందరికీ గుర్తే. అంతకు ముందు చెప్పిన ఈ మాట మాత్రం మర్చిపోయాం.

అమెరికాలో లకోటా అనే ఆదివాసీలున్నారు. వాళ్లలోనూ తాగుడు పెద్ద సమస్యే. అక్కడ కుర్రాళ్లని మాన్పించడానికి కౌన్సెలింగ్‌తో పాటు తమ భాష, ప్రార్థనలు, పెద్దల మాట, "ఇనిపి" అనే ఆవిరి గుడిసె ఆచారం కూడా వాడుతున్నారు. "నువ్వు చెడ్డవాడివి" అనరు, "నువ్వు మావాడివి" అంటారు.

మనకీ ఆ బలం ఉంది. మానినవాణ్ణి పండక్కి దూరం పెట్టకండి. డప్పు చేతికివ్వండి, థింసాలో చెయ్యి పట్టుకోండి, దోసిట్లో కల్లు బదులు మంచినీళ్లు పోయండి. అక్కడ "ఒక్క గుక్కేరా" అని బలవంతం చెయ్యకుండా పెద్దలే అడ్డుపడాలి. ఇంట్లో ఆడవాళ్ల మీదే భారం వదిలెయ్యకూడదు.

ఒక్క జాగ్రత్త. రోజూ బాగా తాగేవాడు ఒట్టేసి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. అది దెయ్యం కాదు, గాలి కాదు. మానే ముందే డాక్టరుకి చూపించండి. 14446కి ఫోన్ చేసినా సలహా ఇస్తారు, డబ్బులక్కర్లేదు.

మందులు ఆస్పత్రిలో దొరుకుతాయి. మళ్లీ తాగకుండా కాసుకోవాల్సింది మాత్రం ఊరే. మీ ఊళ్లో మానేసినవాళ్లుంటే ఈసారి పండక్కి ముందు వాళ్లింటికే వెళ్లి పిలవండి. ఉంటానండీ.