నియాన్ టెట్రాకు చుట్టం రూప్‌చంద్

బెంగళూరు శివాజీనగర్‌లో, రస్సెల్ మార్కెట్ చుట్టుపక్కల, చేపల బేరం రెండు రకాలుగా సాగుతుంది. ఒకచోట ఐసు మీద పరిచిన కూర చేపలు. మరోచోట ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండు బిగించిన కవర్లలో అక్వేరియం చేపలు. పిల్లలు వేలు పెట్టి ‘టెట్రా, టెట్రా’ అని చూపించే బుల్లి చేపల్లో చాలావాటికి టెట్రాలతో ఉన్నది దూరపు చుట్టరికమే. టెట్రాకు నిజంగా దగ్గరి బంధువు కావాలంటే ఐసు వైపు చూడాలి. దాని పేరు రూప్‌చంద్.

కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో రైతులు బొచ్చె, శీలావతులతో పాటు పెంచే చేప ఇది. శాస్త్రీయ నామం పియారాక్టస్ బ్రాకీపోమస్. సొంత ఊరు దక్షిణ అమెరికా, అమెజాన్, ఒరినోకో నదుల పరీవాహకం. నియాన్ టెట్రా ఉన్న కారాసిఫార్మిస్ క్రమంలోనే రూప్‌చంద్ కూడా ఉంది. ఒకటి అంగుళన్నర దగ్గర ఆగిపోతుంది, మరొకటి కిలోలకు కిలోలు తూగుతుంది. పరిమాణం బట్టి, రంగు బట్టి చుట్టరికం తేల్చకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

‘వలలో పిరానా పడింది’

ఈ మాటతో ఫోన్లలో ఫోటోలు తిరగడం తెలుగు జిల్లాల్లోనూ, కర్ణాటకలోనూ మామూలైపోయింది. చాలాసార్లు ఆ ఫోటోలో ఉండేది రూప్‌చందే. లేత వయసులో దాని పొట్ట ఎర్రగా ఉంటుంది, ఎర్రపొట్ట పిరానాకూ అంతే. రెండింటిదీ సెరాసాల్మిడే అనే ఒకే కుటుంబం కాబట్టి పోలిక రావడం సహజం. తేడా నోట్లో ఉంది. పిరానా పళ్లు త్రికోణాల్లా, కత్తి అంచులా ఉండి, ఒకే వరుసలో ఒకదానితో ఒకటి పట్టుకుని ఉంటాయి. కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది. రూప్‌చంద్ పెదవి ఎత్తి చూస్తే మనిషి దంతాలలాంటి బల్లపరుపు పళ్లు కనిపిస్తాయి. వరదలో మునిగిన అడవుల్లో చెట్ల నుంచి రాలిన కాయలు, గింజలు నమలడానికి ఏర్పడినవి అవి. రూప్‌చంద్ పిల్లలనే పిరానాలని చెప్పి అమ్మే షాపులూ ఉన్నాయి. కొన్నవారికి ఏడాది తిరిగేలోపే తొట్టి చాలదు. అప్పుడు వాటిని చెరువులో వదిలేస్తారు. అసలు హాని అక్కడే మొదలవుతుంది.

‘చిన్నగా మెరుస్తూ గుంపుగా తిరిగితే టెట్రానే’

ఆగ్నేయాసియా రాస్‌బోరాలు, గంగా పరీవాహకపు జీబ్రా డానియో, పశ్చిమ కనుమల మిస్ కేరళ కూడా మెరుస్తాయి, గుంపుగానే తిరుగుతాయి. కానీ ఇవన్నీ సిప్రినిఫార్మిస్ క్రమంలోవి. బొచ్చె, శీలావతి, వాగుల్లోని పరిగెలు ఏ క్రమానికి చెందుతాయో ఇవీ దానికే చెందుతాయి. వీటి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. టెట్రాకు దవడల్లోనే పళ్లు. భారతదేశపు నదుల్లో సహజంగా పుట్టిన టెట్రా ఒక్కటీ లేదు.

కొంచెం తెలిసినవారు ఇంకో గుర్తు చెబుతారు. వీపు రెక్కకూ తోకకూ మధ్య బుడిపెలాంటి చిన్న మాంసపు రెక్క ఉంటే టెట్రా అని. మొదటి చూపుకు పనికొస్తుంది కానీ దాన్నే నమ్ముకోకూడదు. చాలా జెల్లలకూ ఆ రెక్క ఉంటుంది, కొన్ని టెట్రాలకు ఉండదు.

మిస్ కేరళ సంగతి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన పొరుగు చేప. చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1865లో దాన్ని వర్ణించి, మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టాడు. చాలాకాలం పుంటియస్ డెనిసోనీగా ఉండి, 2013లో సహ్యాద్రియా అనే కొత్త ప్రజాతిలోకి మారింది. అక్వేరియంల కోసం అడవి వాగుల్లోంచి విచ్చలవిడిగా పట్టేయడంతో అది అంతరించే ముప్పున్న జాతుల జాబితాకెక్కింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఏదో టెట్రా అనుకుని కొనేవారికి, తమ తొట్టిలో ఉన్నది పశ్చిమ కనుమల సొత్తని తెలియదు. తెలియడం ముఖ్యం. తొట్లలో పుట్టించినదా, వాగులో పట్టినదా అని అడగాలన్న ఆలోచన అప్పుడే వస్తుంది.

‘నియాన్ పెద్దయితే కార్డినల్’

కాదు, రెండూ వేర్వేరు జాతులు. నియాన్‌లో ఎర్రచార పొట్ట మధ్య నుంచి తోక దాకానే ఉంటుంది, కార్డినల్‌లో ఒంటి పొడుగునా సాగుతుంది. నియాన్‌కు 1936లో పేరు పడింది. కార్డినల్‌కు 1956 ఫిబ్రవరిలో ఒక్క రోజు తేడాతో రెండు పేర్లు అచ్చయ్యాయి. షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త పెట్టింది ఒకటి, మయర్స్, వైట్స్‌మన్ కలిసి పెట్టింది ఇంకొకటి. పంచాయితీ జంతువుల పేర్లు తేల్చే అంతర్జాతీయ కమిషన్ దాకా వెళ్లింది. మరుసటి ఏడాది షుల్ట్జ్ పేరే ఖాయమైంది.

గులాబీ, నీలం, ఆకుపచ్చ ‘విడో టెట్రా’లు మాత్రం వేర్వేరు జాతులు కావు. అన్నీ ఒకే బ్లాక్ విడో. రంగు ఎక్కించినవి కొన్ని, జన్యువు మార్చి మెరిసేలా చేసినవి కొన్ని. ఇక అక్వేరియంలో ‘షార్క్’ పేరుతో అమ్మేవాటిలో ఒకటి పంగాసియస్, ఆంధ్ర చెరువుల్లో కూర కోసం పెంచే జెల్ల జాతి చేప.

‘పేర్లు మారుస్తూనే ఉంటారు, వాటిని ఏం నమ్ముతాం?’

ఈ విసుగు అర్థం చేసుకోదగినదే. కానీ చాలావరకు పేరు మారిందంటే కొత్త ఆధారం దొరికిందని అర్థం. చాలా టెట్రాలు చేరిన, వెయ్యికి పైగా జాతులున్న కారాసిడే కుటుంబాన్ని డీఎన్ఏ ఆధారంగా 2024లో నాలుగు కుటుంబాలుగా విడదీశారు. నియాన్ టెట్రా ఇప్పుడు అసెస్ట్రోరామ్ఫిడేలో ఉంది. ఆఫ్రికాకు చెందిన కాంగో టెట్రాది అంతకు ముందే వేరే కుటుంబం, అలెస్టిడే. అంటే షాపులో ‘టెట్రా’ అనేది కేవలం వాడుక పేరు, ఒక కుటుంబం పేరు కాదు.

షాపులో వినిపించే ‘ఉష్ణమండలపు చేప’ అన్నదైతే అసలు వర్గీకరణే కాదు, వాతావరణం గురించిన మాట. ఆ పేరుతో అమ్మే చేపలన్నిటికీ ఒకే రకం నీళ్లు సరిపోవు. బెంగళూరులో ఆ తేడా నేరుగా తొట్టిలో కనిపిస్తుంది. కావేరి నీళ్లు అందని లేఔట్లలో బోరు, ట్యాంకరు నీళ్లే ఆధారం. బకెట్‌కు తెల్లటి పొర కట్టే ఆ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నియాన్, కార్డినల్‌లు పుట్టింది లవణాలు తక్కువగా, కాస్త ఆమ్లగుణంతో ఉండే నీళ్లలో. వాటి తొట్టికి ఆర్వో నీళ్లు కలిపి లవణాలు తగ్గించుకోవాలి. ఆఫ్రికా మలావీ సరస్సు సిక్లిడ్‌లకు మాత్రం ఆ బోరు నీళ్లే చక్కగా సరిపోతాయి.