బోర్ కొట్టని బోరింగ్ కథ

మా ఇంట్లో 2004 మోడల్ మారుతి 800 ఉంది. తాతయ్య కొన్నది. హైదరాబాద్‌లో ఈ కారు అమ్మకం 2010లోనే ఆగిపోయింది, తయారీ 2014 జనవరిలో ఆపేశారు. మాది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. కాకపోతే పోయిన ఏడాది నుంచి బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కినప్పుడల్లా వెనక నీలం పొగ. అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందన్నమాట.

ఒక మెకానిక్ రింగులు మార్చాడు. మూడు నెలలకే పొగ మళ్లీ మొదలు. ఈసారి "బోరింగ్ చేయించాలి, ఇంజన్ మొత్తం దింపాలి" అన్నాడు. నాన్న స్క్రాప్‌కి ఇచ్చేద్దామన్నారు. నానమ్మ ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. నా లాప్‌టాప్ కోసం దాచిన డబ్బు ఇందులో పెడదామని నేనే అన్నాను. అన్నాక భయమేసింది. రెండోసారీ మోసపోతే?

స్పానర్ పట్టడం కూడా రాని నేను అప్పుడు నేర్చుకున్న సంగతులు ఇవి. మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే పనికొస్తాయి.

ముందు, ఇంజన్ దింపడం నిజంగా అవసరమా? వాల్వ్ సీల్స్ పోయినా పొగ వస్తుంది. ఆ పని చాలా చిన్నది. అందుకే కంప్రెషన్ టెస్ట్ అడగండి. ప్లగ్ తీసి, గేజ్ పెట్టి, ఇంజన్ తిప్పుతారు. ప్రెషర్ తక్కువొస్తే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. ప్రెషర్ పెరిగితే రింగులో సిలిండరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల మీద అనుమానపడాలి. మాది పెరిగింది.

రెండోది, మెకానిక్ వేరు, మెషిన్ షాపు వేరు. మెకానిక్ విప్పుతాడు, బిగిస్తాడు. సిలిండర్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ లాంటివి మెషిన్ షాపులో చేస్తారు. మన బ్లాక్ ఎక్కడికి వెళ్తోందో మనం చాలాసార్లు అడగనే అడగం. నేను అడిగి, ప్యారడైజ్ మీదుగా రాణిగంజ్ వెళ్లి మూడు షాపులు తిరిగాను.

మొదటి షాపులో బ్లాక్ చూడగానే రేటు చెప్పారు. రెండో షాపులో సిలిండర్ లోపల బొటనవేలు తిప్పి "0.50 వేసేద్దాం" అన్నారు. మూడో షాపులో పెద్దాయన రేటు ఊసే ఎత్తలేదు. "పిస్టన్లు తెచ్చావా తమ్ముడూ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బోరింగ్ అయ్యాక కదా పిస్టన్లు కొనేది? కాదట. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే ఖాళీ వెంట్రుక మందం కంటే తక్కువ. అందుకే చేతిలో ఉన్న పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు బోర్ చేయాలి.

తర్వాత బోర్ గేజ్ తీశాడు. ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలిచాడు. మూడు సిలిండర్లకి 18 అంకెలు. అన్నీ కాగితం మీద రాశాడు. కంపెనీ కొలత 68.5 మి.మీ. మాది ఒకచోట 68.62 ఉంది. రింగులు వెనక్కి తిరిగే పైభాగమే ఎక్కువ అరుగుతుంది, అదీ గుండ్రంగా కాకుండా కోలగా. అలాంటి సిలిండర్‌లో కొత్త రింగు వేసినా అంచుకి సరిగా ఆనదు. మా మొదటి రిపేరు ఎందుకు నిలవలేదో అప్పుడు తెలిసింది.

"0.25 చాలు. 0.50 ఇప్పుడే వేసేస్తే మళ్లీ ఇంకోసారి చేయించే ఛాన్స్ ఉండదు" అన్నాడు. తన పనిని తగ్గించి చెప్పే మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

పనయ్యాక నన్ను పిలిచి, నా ముందే మళ్లీ కొలిచాడు. గోడల మీద హోనింగ్ గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ సమంగా ఉన్నాయి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుందట. "బిగించే ముందు బ్లాక్‌ని సబ్బునీళ్లతో బాగా కడగమని మీ మెకానిక్‌కి చెప్పు, రాయి పొడి మిగిలితే కొత్త రింగుల్నీ తినేస్తుంది" అన్నాడు.

మంచి షాపు ఏదని నన్ను అడిగితే పేరు చెప్పను. మనుషులు మారతారు, షాపులు చేతులు మారతాయి. మీరు మూడే చూడండి: పిస్టన్లు ముందు అడుగుతున్నారా, కొలతలు రాసి ఇస్తున్నారా, పనయ్యాక మీ ముందు మళ్లీ కొలుస్తున్నారా. టెస్ట్ చేయకుండా "కోడ్ రన్ అవుతుంది" అనేవాణ్ణి మనం నమ్ముతామా? ఇదీ అంతే.

మొన్న నానమ్మ ఉజ్జయిని మహాకాళి గుడికి మా 800లోనే వెళ్లింది. పొగ లేదు. నా పాత లాప్‌టాప్‌లో కోడ్ కంపైల్ అయ్యేలోపు మాత్రం నేను ఇంకా టీ తాగి వస్తున్నాను.