కోడిగుడ్ల పొయ్యి నుంచి పాము పెట్టె దాకా

కార్నెలిస్ డ్రెబెల్ అనగానే 1620 ప్రాంతంలో లండన్‌లోని థేమ్స్ నదిలో ఆయన నడిపిన జలాంతర్గామి గుర్తొస్తుంది. నాకైతే ఆయన గుడ్ల పొయ్యే గొప్పగా తోస్తుంది. కోడి లేకుండా గుడ్లు పొదిగించే ఆ పెట్టెలో ఆల్కహాల్ గొట్టం ఒకటి ఉండేది. వేడెక్కితే ఆల్కహాల్ వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది. పాదరసం కడ్డీని లేపేది, కడ్డీ పొయ్యికి గాలి అందే దారిని మూసేది. మంట తగ్గేది. థర్మోస్టాట్ పుట్టుక అలాంటిది.

1830లో ఆండ్రూ యూర్ రెండు లోహాల రేకులను అతికించి పేటెంటు తీసుకున్నాడు. వేడికి రెండూ సమానంగా సాగవు కాబట్టి జంటరేకు వంగుతుంది. మన ఇస్త్రీపెట్టెలో టక్కుమనేది అదే. ఇప్పుడు ఆ పని వేడిని పసిగట్టే బియ్యపుగింజంత థర్మిస్టర్ చేస్తోంది. నాటుకోళ్ల గుడ్లకు థర్మోకోల్ పెట్టెలో బల్బు వేడిని 37.5 డిగ్రీల దగ్గర నిలిపే చవక సర్క్యూటే పెంపుడు పాము పెట్టెకూ సరిపోతుంది.

పెంపుడు పాము అంటే నాగుపామో జెర్రిపోతో కాదు. వాటిని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పెంచేది పశ్చిమ, మధ్య ఆఫ్రికాల బాల్ పైథాన్ లాంటివి, అవీ ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక కొస 32, రెండో కొస 26 డిగ్రీలు ఉండాలి. ఒంట్లో వేడి పుట్టించుకోలేదు కాబట్టి అటూ ఇటూ జరిగి సర్దుకుంటుంది. తేమ 60 శాతం దాకా లేకపోతే కుబుసం ముక్కలుముక్కలుగా ఊడుతుంది, కంటిపొర అంటుకుపోతుంది.

చలిదేశాల పుస్తకాలన్నీ వేడి ఎలా ఇవ్వాలో చెబుతాయి. సూర్యాపేటలో రోహిణీ కార్తెకు ఆ చదువు పనికిరాదు. బయట 45 దాటి, గది 40కి చేరితే థర్మోస్టాట్ చేయగలిగింది హీటర్ ఆపడమే. చల్లబరచడం దాని చేతిలో లేదు. తేమ సంగతి ఇంకా చిక్కు. 27 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిని అలాగే 40కి వేడిచేస్తే అది దాదాపు 30 శాతానికి పడిపోతుంది. గాలిలో నీరేమీ తగ్గలేదు, పట్టే శక్తి పెరిగిందంతే. అలాగని నీళ్లు గుమ్మరించి అడుగు చిత్తడి చేస్తే పొట్ట పొలుసులు కుళ్లుతాయి. (మన నాగుపాముకు ఈ తిప్పలు లేవు, చెదలు కట్టిన పుట్టలో దూరుతుంది.)

ఇక్కడ పాముకు అక్కరకొచ్చేది గడ్డి మెత్తల కూలర్. నీరు ఆవిరవుతూ గదిలో వేడిని లాగేస్తుంది, గాలికి తేమనిస్తుంది. ఒక్క దెబ్బకు రెండు పనులు.

చలికాలం రాత్రుళ్లు మళ్లీ హీట్ మ్యాట్ కావాలి. దాని సెన్సరు జారి నీళ్ల గిన్నెలో పడితే, చల్లగా ఉందనుకుని థర్మోస్టాట్ మ్యాట్‌ను కాలుస్తూనే ఉంటుంది. సెన్సరును గట్టిగా అతికించి, వేరే థర్మామీటరు ఒకటి పక్కన ఉంచాలి. వానాకాలంలో నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ పొలాల్లో నాట్లు పడేసరికి గాలే తడిగా ఉంటుంది. అప్పుడు కూలర్ నీళ్లు ఆపేసి, పెట్టెకు గాలి రంధ్రాలు పెంచితే చాలు.