మగ్గం అట్టలో చిల్లు ఉంటే 1, లేకుంటే 0



సైన్సు క్లాసుకి పాత జాకార్డు అట్టలు, టవల్ ముక్కలు తెమ్మన్నామని పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. మగ్గం దగ్గరే ఉండిపోకూడదని కదా బడికి పంపుతున్నాం, మళ్ళీ క్లాసులో కూడా మగ్గమేనా అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

మన బోర్డులో 9, 10 తరగతుల పుస్తకం పేరే ‘విజ్ఞానం, సాంకేతికశాస్త్రం’. పేరులో రెండూ కలిసే ఉన్నాయి గానీ, పిల్లలు మాత్రం సూత్రం వేరు, యంత్రం వేరు అన్నట్టు చదువుతారు, పరీక్ష అవగానే మరిచిపోతారు. సోలాపూర్‌లో మనకు ఆ రెండూ కలిసి పనిచేసేది పక్క సందులోనే కనిపిస్తుంది.

చద్దర్ మీద నెమలి ఎలా వస్తుందో చూడండి. ఒక్కో పేక పోగుకి ఒక్కో అట్ట. అట్ట మీద చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం కదలకుండా ఉంటుంది, పైకి లేచే పట్టీ ఆ కొక్కేన్ని, దానితో పడుగు పోగుని లేపుతుంది. చిల్లు లేకపోతే అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం పట్టీకి అందదు, పోగు కిందే ఉంటుంది. లేచిన పోగుల కింది నుంచి నాడె దూసుకుపోతుంది. అంతే! లేచిందా, లేదా. 1 లేదా 0.

ఫ్రాన్సులోని లియాన్ పట్టణంలో జాకార్డు ఈ పద్ధతిని 1804లో కుదిర్చాడు. తర్వాత 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కలు చేసే యంత్రానికి నమూనా గీస్తూ, దానికి ఆజ్ఞలివ్వడానికి ఈ చిల్లుల అట్టల్నే ఎంచుకున్నాడు. సుమారు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జాకార్డు బొమ్మ ఒకటి ఆయన దగ్గర ఉండేది.

క్లాసులో పిల్లలు గళ్ళ కాగితం మీద 8 వరసలు, 8 గడుల్లో మామిడి పిందె గీస్తారు. నింపిన గడి 1, ఖాళీ గడి 0. ఒక వరస 01001000 అనుకోండి, దాని విలువ 64 + 8 = 72. ఎనిమిది గడులతో మొత్తం 256 రకాల వరసలు వస్తాయి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టల బదులు కంప్యూటర్ ఫైలు ఉంటుంది, కొక్కేన్ని పట్టుకునేదీ వదిలేదీ విద్యుదయస్కాంతం. పదో తరగతి పాఠం అక్కడికొచ్చి కలుస్తుంది. ఇది అర్థమైన పిల్ల కంప్యూటర్ వైపు వెళ్ళొచ్చు, డిజైన్ వైపు వెళ్ళొచ్చు, ఐటీఐలో మోటార్ల పనికీ వెళ్ళొచ్చు. మగ్గానికి కట్టేయడం మా ఉద్దేశం కాదు.

ఇంట్లో చేయదగ్గ పని ఒకటి. వాడిన టవల్ పీలిక, కొత్త టవల్ పీలిక, పాలియెస్టర్ గుడ్డ పీలిక – మూడూ ఒకే వెడల్పులో కత్తిరించి, కొసలు రంగునీళ్ళలో మునిగేలా వేలాడదీయండి. నిమిషానికొకసారి నీళ్ళు ఎంత ఎత్తుకి ఎక్కాయో స్కేలుతో కొలిచి రాయండి. ఉతకని కొత్త టవల్ తరచుగా వెనకబడుతుంది. ఎందుకో అమ్మనో నాయననో అడగండి. వాళ్ళకి తెలుసు, పుస్తకంలో లేదు. గంజి పెట్టిన పోగు మీద అయోడిన్ చుక్క వేస్తే నీలం తిరగడం మాత్రం క్లాసులోనే చూపిస్తాం.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ధ్వని పాఠంలో డెసిబెల్ గురించి చదివినప్పుడు పవర్‌లూమ్ చప్పుడే ఉదాహరణగా తీసుకుంటున్నాం. రోజూ 8 గంటలు 85 డెసిబెల్స్ మించిన చప్పుడులో ఉంటే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంట్లో టీవీ బాగా పెద్దగా పెడుతున్నారా, రెండుసార్లు పిలిస్తే గాని పలకడం లేదా? అది వయసు వల్లే అనుకోకండి. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. పిల్లలు ఈ విషయం ఇంట్లో చెబితే విసుక్కోకండి.

నడుస్తున్న మగ్గం దగ్గరికి మాత్రం పిల్లల్ని పంపవద్దు. ఆపిన తర్వాతే, పెద్దలు పక్కన ఉండి చూపించండి. పాత అట్టలు చిరిగినవైనా పరవాలేదు, దుమ్ము దులిపి పంపండి. చిల్లులు కనిపిస్తే చాలు.