మీకు తెలుసా? ఒడిశా వీధి, మద్రాసు చట్టం

బరంపురం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి అప్పుడే ఏర్పడిన ఒడిశాలో చేరింది. ఊళ్లో మురుగు కాలువల తగాదాలు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మద్రాసు చట్టం కిందే నడిచాయి. దక్షిణ ఒడిశా పట్టణాలకు 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం, కటక్ వైపు 1922 నాటి బీహారు–ఒడిశా చట్టం. ఒకే రాష్ట్రంలో వీధి చెత్తకు రెండు ధర్మశాస్త్రాలన్నమాట! 1950లో ఒడిశా సొంత మునిసిపల్ చట్టం చేసుకున్నాకే ఈ తేడా పోయింది.

చట్టం ఏదైతేనేం, కంపు ఒకటే కదా అనవచ్చు. అది సగమే నిజం. ఇంటి పన్ను ఎలా కట్టాలి, ఆక్రమణ తీయించమని ఎవరిని అడగాలి, కౌన్సిల్ వినకపోతే ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నవి తేల్చేది చట్టమే. పైగా బరంపురం మునిసిపాలిటీ 1867లోనే పుట్టింది, ఒడిశా రాష్ట్రం కంటే 69 ఏళ్లు పెద్దది. సరిహద్దు మారిందని అంతకాలం అలవాటైన పద్ధతిని రాత్రికి రాత్రి ఎత్తేస్తే పన్నుల లెక్కలే తారుమారయ్యేవి. 2008లో ఊరు నగరపాలక సంస్థ అయింది. ఇవాళ ఊళ్లోని గోసాని నువాగాంలో కాలువ పొంగినా, వీధి దీపం ఆరినా ఫిర్యాదు ఆ సంస్థకే.